పిల్లను కొలిచే కండ్లు మనవే



దసరా సెలవులకు బిడ్డ హాస్టల్ నుంచి ఇంటికొస్తుంది. భుజాన సంచి ఇంకా దించదు, వాకిట్లోనే మొదలవుతుంది. "గింత నల్లగైనవేంది బిడ్డా, ఎండల తిరుగుతున్నవా?" అని ఒకరు. "బక్కగైంది, బొక్కలు తేలినయ్" అని ఇంకొకరు. పక్కింటి చిన్నమ్మ వచ్చి "మస్తు లావైనవే, గిట్లైతే ఎవడు చేసుకుంటడే నిన్ను?" అని నవ్వుతుంది. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి, కబడ్డీ జట్టులో పేరుందా, రాత్రి కంటి నిండా నిద్ర పడుతోందా అని అడిగేవాళ్లు ఆ తర్వాతెప్పుడో వస్తారు. కొన్ని ఇండ్లలో వాళ్లు అసలే రారు.

ఈ మాటలు పగవాళ్లు అనడం లేదు. మనమే అంటున్నాం. బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్న మేనత్త అంటుంది, పెద్దమ్మ అంటుంది, కన్నతల్లి కూడా అంటుంది. మన అత్తలూ అమ్మమ్మలూ మనల్ని అట్లాగే అన్నారు. మనం ఏడ్చి ఊరుకున్నాం, ఇప్పుడు మన పిల్లల్ని అంటున్నాం. ఒక తల్లి ఒక్కతే మానుకుంటే ఇది పోదు. ఆ తల్లి నోరు కట్టుకున్నా పెండ్లి పందిట్లో, బతుకమ్మ దగ్గర, బస్సులో, బీడీ కార్ఖానా ముందు వరుసలో ఎవరో ఒకరు ఆ మాట అందుకుంటారు. ఊరంతా కలిసి అంటున్న మాటను ఊరంతా కలిసే ఆపాలి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా, సిరిసిల్ల, జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కలుపుకొని మన రెండు పాత జిల్లాల్లో ఊరూరా మహిళా సంఘాలున్నాయి. అందుకే ఈ మాట ఒక్కో ఇంటి తలుపు తట్టి చెప్పకుండా, సంఘంలో అందరి ముందూ పెడుతున్నాను.

ఇదేదో పట్నం పిల్లల సోకు ముచ్చట అనుకోకండి. ఇది మన బిడ్డల నెత్తుటి ముచ్చట. కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లల్లోనైతే నూటికి 64.7 మందికి. అంటే ముగ్గురు ఆడపిల్లలు బడికి నడిచి పోతుంటే, వాళ్లలో దాదాపు ఇద్దరి ఒంట్లో సరిపడా రక్తం లేదు. గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇవ్వాలని 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలను ఏరింది. వాటిలో ఆదిలాబాద్ ఉంది, కుమ్రం భీం ఆసిఫాబాద్ ఉంది. ఎదిగే వయసులో ఎక్కాల్సిన రక్తం ఎక్కకపోతే, ఆ లోటు కాన్పు దాకా ఆమె వెంటే వస్తుంది.

రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. పేదరికం, నెలసరిలో ఎక్కువగా పోయే రక్తం, చెప్పుల్లేకుండా బురదలో నడిస్తే ఒంట్లోకి చేరే కొంకిపురుగులు, తిన్న వెంటనే తాగే చాయ్, చిన్న వయసు పెండ్లి, వెంటవెంటనే కాన్పులు. అవన్నీ నిజమే. కానీ కంచం దగ్గర జరిగే ఒక అన్యాయం మన చేతిలో ఉంది. మొగోళ్లు తిన్నాక, మొగపిల్లలు తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు మనం ఇంకా వదల్లేదు. పాత అలవాటు మీద కొత్తది వచ్చి కూర్చుంది. ఇంటర్ చదివే పిల్ల సన్నబడాలని రాత్రి అన్నం మానేస్తోంది. పొద్దున చాయ్, రెండు బిస్కట్లతో కాలేజీ బస్సెక్కుతోంది. "డైటింగ్ చేస్తున్న" అంటే ఇంట్లో సంతోషిస్తున్నారు, పెండ్లినాటికి సన్నగైతదని. ఒకప్పుడు లేక పస్తున్నాం. ఇప్పుడు ఉండి కూడా బిడ్డను పస్తు పెడుతున్నాం.

ఇంకా ఘోరం ఒకటుంది. రక్తం లేని పిల్ల ముఖం పాలిపోతుంది. కంటి లోపలి రెప్ప, నాలుక, గోళ్లు తెల్లబడతాయి. ఆ పాలిపోయిన ముఖాన్ని చూసి మనం "పిల్ల తెల్లగ తేలింది, మంచిగున్నది" అని మెచ్చుకుంటున్నాం. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లను, ప్రార్థనలో నిలబడితే కండ్లు తిరిగి పడే పిల్లను నాజూకు పిల్ల అంటున్నాం. జబ్బును అందమని పొగుడుతున్నాం! ఈ ఒక్క సంగతి గట్టిగా మనసుకు పట్టినా చాలు, మన నోళ్లు వాటంతటవే ఆగుతాయి.

మనకు తిండి తెలియదా? సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది కలిపి చేతుల్లో పెట్టేది మనమే. రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు పంచేది మనమే. జొన్నరొట్టె, మక్కగట్క, పప్పు, తోటకూర, మునగాకు, ఎండుచేప, గుడ్డు, ఇవన్నీ మన వంటింటివే. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందించింది. అడవిలో రాలిన పువ్వును పిల్లల ఒంట్లో బలంగా మార్చిన ఆ ఆడవాళ్లను చూసి మనం నేర్చుకోవాలి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. బడిలో వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఆ మాత్ర మింగితే నల్లబడతారనో లావవుతారనో పిల్లలు కిటికీలోంచి పారేస్తుంటే, "నీకెవరు చెప్పిన్రు బిడ్డా" అని కూర్చోబెట్టి అడిగే పెద్దవాళ్లు కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పిల్ల సన్నగా, తెల్లగా ఉండాలని ఎవరు రాసిపెట్టారు? మన తాతల కాలం నుంచీ ఇట్లే ఉందని అంటారు. నాకు అట్లా కనపడలేదు. మన సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు నిన్నమొన్నటి దాకా పెండ్లిచూపుల్లో మొదటి ప్రశ్న ఏంది? "పిల్లకు బీడీలు చేసుడొస్తదా? రోజుకు వెయ్యి అయితయా?" పీఎఫ్ కార్డున్న పిల్లకు సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. ఆమె రంగును, నడుమును అప్పుడు అంతగా చూడలేదు, వేళ్ల వేగం చూశారు. అది కూడా న్యాయం కాదు. వంగి కూర్చుని తంబాకు దుమ్ము పీల్చి పీల్చి నడుము, మెడ, ఊపిరి పాడుచేసుకున్న మన తల్లులకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. బీడీ కంపెనీకి వేళ్లు కావాల్సినప్పుడు వేళ్లే అందమయ్యాయి. ఇప్పుడు క్రీము అమ్మేవాడికి, జిమ్ము నడిపేవాడికి, ఫోటోషూట్ చేసేవాడికి వేరే ఒళ్లు కావాలి. అందుకే ఇప్పుడు వేరే ఒళ్లు అందమైంది. కొలతను మనం పెట్టలేదు. కొలిచే పని మాత్రం మనతో చేయిస్తున్నారు, కూలి కూడా ఇవ్వకుండా.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. పసిఫిక్ సముద్రంలో ఫిజీ అనే దీవుల దేశం ఉంది. అక్కడ నిండైన ఒళ్లే అందం, బాగా తినమనడమే మర్యాద. 1995లో నద్రోగా అనే ప్రాంతానికి టీవీ వచ్చింది. యాన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో అక్కడి బడిపిల్లలను అడిగితే, సన్నబడడానికి తిన్నది కక్కుకుంటానని ఒక్క పిల్ల కూడా అనలేదు. మూడేండ్ల తర్వాత 1998లో అడిగితే నూటికి 11 మంది పైచిలుకు అట్లా చేస్తున్నామన్నారు. తరతరాల మర్యాదను మూడేండ్ల టీవీ తిరగరాసింది. మన పిల్లల చేతిలో ఫోన్ ఉంది. అందులో ముఖాన్ని సన్నం చేసే, తెల్లగా మార్చే ఫిల్టర్లున్నాయి. తన ఫోటోలోని ముఖాన్నీ అద్దంలోని ముఖాన్నీ పక్కపక్కన పెట్టుకొని కుమిలిపోయే పదిహేనేండ్ల పిల్ల ఈ రోజు ప్రతి ఊళ్లోనూ ఉంది. ఫ్రాన్స్ 2017లో ఒక నియమం తెచ్చింది. ప్రకటనల్లో మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో దిద్దితే, దిద్దిన ఫోటో అని దాని మీద రాసి తీరాలి. అట్లాంటి రాత మన దగ్గర లేదు. కాబట్టి మన పిల్లలకు ఆ నిజం మనమే నోటితో చెప్పాలి.

2025 మే నెలలో మన రాష్ట్రంలోనే ప్రపంచ సుందరి పోటీలు జరిగాయి. 1951లో లండన్‌లో ఈతదుస్తుల ప్రదర్శనగా మొదలైన పోటీ అది, 72వది మన హైదరాబాద్‌కు వచ్చింది. పోటీకొచ్చిన ఆడపిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్లలో చదువుకున్నవాళ్లు, సేవ చేసేవాళ్లు ఉన్నారు. థాయ్‌లాండ్ నుంచి వచ్చి గెలిచిన సుచాతా రొమ్ము క్యాన్సర్ గురించి అవగాహన కల్పిస్తున్న అమ్మాయే. కానీ పోటీదారులు రామప్ప గుడికి వచ్చినప్పుడు వాళ్ల కాళ్లు కడిగేందుకు స్థానిక ఆడవాళ్లతో సాయం చేయించిన దృశ్యాలు బయటికొచ్చి రాష్ట్రమంతా దుమారం రేగింది. అది ఆతిథ్యమని కొందరన్నారు, అవమానమని కొందరన్నారు. నన్ను బాధించింది వేరే. అందంగా ఉన్నవాళ్లు ఒకవైపు, వాళ్ల కాళ్ల దగ్గర మన ఆడవాళ్లు ఇంకోవైపు! ఆ ఫోటో చూసిన మన బిడ్డ తనను ఏ వైపు నిలబెట్టుకుని ఉంటుంది?

సినిమాల సంగతి కూడా ఒక మాట. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మనింటి పిల్లలా దగ్గరైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 31. అంతకు కొద్ది వారాల ముందే కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స జరిగింది. ఆమె లావైందని పత్రికలు రాశాయి, మనం చదివాం, చాయ్ తాగుతూ ముచ్చటపెట్టాం. తెర మీది ఆడవాళ్ల ఒంటి గురించి మాట్లాడేటప్పుడు ఇంట్లో పిల్లలు వింటున్నారని గుర్తుంచుకోండి. హీరోయిన్‌ను ఏమంటామో తనను కూడా అదే అంటామని పిల్లకు అర్థమవుతుంది.

రంగు ముచ్చట ఇంతకంటే పాతది, ఇంతకంటే లోతుగా నాటుకున్నది. పత్తి ఏరేది మన బిడ్డలు. నాటేసేది, మే నెల ఎండలో అడవిలో తునికాకు తెంపేది మన బిడ్డలు. ఎండలో కష్టపడే ఒళ్లు నల్లగా కాకుండా ఎట్లుంటుంది? పైగా చర్మంలోని నలుపు ఎండనుంచి కాపాడేదే. 1975లో మన దేశంలో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము తరాల తరబడి తెల్లబడితేనే పెండ్లి, తెల్లబడితేనే ఉద్యోగం అని చెప్పింది. నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపొద్దని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధన పెట్టింది. నల్లజాతి వాళ్ల ఉద్యమం ప్రపంచమంతా కదిపిన 2020లో ఆ క్రీము కంపెనీ దాని పేరులోంచి ఫెయిర్ అనే మాటను తీసేసింది. డబ్బా మీద మాట పోయింది. మన పెండ్లిచూపుల్లోంచి ఇంకా పోలేదు.

క్రీముల విషయంలో తల్లులకు గట్టిగా చెబుతున్నాను, వినండి. మెడికల్ షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇస్తారు, వారంలో ముఖం తెల్లగా మెరుస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, రాస్తే చేటు. డాక్టరు చీటీ లేకుండా ఇట్లాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు అమ్మరాదని 2018లో కేంద్రం ఆదేశించింది. ఇంకోటి, గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల్లో సబ్బులు, సెంట్లతోపాటు పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు కూడా వస్తుంటాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లను పరీక్షిస్తే, కొందరు పాదరసం ఎక్కువున్న అట్లాంటి క్రీములు వాడినట్టు తేలింది. దుబాయిలో, మస్కట్‌లో ఎండలో చెమటోడుస్తున్న తమ్ముండ్లారా, అన్నలారా, ఇంటికి పంపే సామాన్లలోంచి ఆ డబ్బాను తీసేయండి. వీడియో కాల్‌లో భార్యను, చెల్లెను చూడగానే "గట్ల తయారైనవేంది" అనే మాట తీసేయండి. మీ పలకరింపు కోసం వాళ్లు రోజంతా ఎదురుచూస్తారు.

ఆదిలాబాద్ గూడేల నుంచి వచ్చి పట్నం హాస్టళ్లలో చదివే గోండు, కొలాం, ప్రధాన్, తోటి బిడ్డల బాధ ఇంకా బరువైంది. రంగును ఎగతాళి చేస్తారు, మాటను ఎగతాళి చేస్తారు, నానమ్మ నుదుటి మీది, చేతుల మీది పచ్చబొట్లను కూడా ఎగతాళి చేస్తారు. ఆ పచ్చబొట్టు వాళ్లకు నగ, వంశం గుర్తు. పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్ నాగోబా జాతరలో తెల్లచీర ముసుగుతో పెద్దలకు మొక్కే కొత్తకోడండ్లను చూసినవాళ్లకు ఆ ఆడవాళ్ల నిండుదనం ఏమిటో తెలుస్తుంది. హాస్టల్ వార్డెన్లు, టీచర్లు ఈ ఎగతాళిని పిల్లల అల్లరి అని వదిలేయొద్దు. కొట్టిన దెబ్బను ఎంత గట్టిగా పట్టించుకుంటారో దీన్నీ అంత గట్టిగా పట్టించుకోవాలి.

ఇక లావు గురించి. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది, తెలంగాణలో నూటికి 18.8 మంది ఆడవాళ్లు ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు, 30.1 మంది ఎక్కువ బరువున్నారు. ఒకే వాడలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి. ఎక్కువ బరువు మోకాళ్లకు, గుండెకు, షుగరుకు చేటు చేస్తుంది, అది దాచకూడదు. కానీ సిగ్గుపడితే బరువు తగ్గదు. సిగ్గుపడిన ఆడది ఇంట్లోంచి బయటికి రాదు, నడవదు, డాక్టరు దగ్గరికి అసలే పోదు. లావైన ప్రతి పిల్లా తిండిబోతు కాదు. థైరాయిడ్ ఉండొచ్చు, పీసీఓడీ ఉండొచ్చు. నెలసరి తప్పి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చిన పిల్లను వెక్కిరిస్తే ఆమె అద్దానికి దుప్పటి కప్పుకుంటుంది. చూపిస్తే మందుంది.

ఎత్తుకు తగ్గ బరువును లెక్కకట్టే బీఎంఐ కూడా అంతిమతీర్పేమీ కాదు. బెల్జియం గణితవేత్త కెట్లే 1830లలో జనాభా సగటు తెలుసుకోవడానికి కట్టిన లెక్క అది. మన ఆసియా వాళ్లకు 23 దాటినా జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వేరే సూచన ఇచ్చింది. డాక్టరు దాన్ని రక్తపరీక్షతో, బీపీతో, నడుము కొలతతో కలిపి చూస్తారు. అంతే తప్ప చుట్టాలు చూసి చెప్పే లెక్క కాదు. చూపించుకోవడానికి మనకు చోటుంది. 2023 మార్చి 8న మన కరీంనగర్‌లోనే ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంగళవారం ఆడవాళ్ల కోసమే చూస్తారు. రక్తహీనత, థైరాయిడ్, పీసీఓడీ, నెలసరి, క్యాన్సర్ పరీక్షలతోపాటు బరువు గురించిన సలహా కూడా అందులో ఉంది. ఒక్కదాన్ని పొమ్మంటే ఎవరూ పోరు. పదిమంది కలిసి ఆటో మాట్లాడుకొని పోండి.

నడవడానికి, ఆడటానికి జాగా ఏది అంటారా? 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు కట్టారు, బోర్డులు పెట్టారు. వాటిలో ఆడవాళ్లు ఎందరు అడుగుపెట్టారు? సాయంత్రం ఒక గంట ఆ జాగా ఆడవాళ్లకే అని గ్రామసభలో అడగండి. దీపం పెట్టించమనండి, ముండ్లకంప తీయించమనండి. బీడీ చాట ముందు గంటల కొద్దీ వంగి కూర్చునే నడుములకు, కుట్టు మిషన్ తొక్కే కాళ్లకు ఆ గంట ప్రాణం. బతుకమ్మ తొమ్మిది రోజులు వంగి, లేచి, చప్పట్లు కొట్టి తిరిగే మనం మిగతా ఏడాదంతా ఎందుకు కూర్చునే ఉండాలి? బతుకమ్మ వలయంలో లావు, సన్నం అని ఎవరినీ పక్కకు జరపం. తొంభై ఏండ్ల అవ్వ కూడా అడుగేస్తుంది. ఒళ్లు ఎట్లున్నా కలిసి ఆడొచ్చని మనకు తెలుసు, ఆ తెలివిని తొమ్మిది రోజులకే కట్టిపెట్టాం.

పక్కనే ఉన్న వరంగల్ జిల్లా కల్లెడలో జీవాంజి దీప్తి అని ఒక బిడ్డ పుట్టింది. కూలి చేసుకునే ఇల్లు. ముఖం అందరి ముఖంలా లేదని ఊళ్లో వాళ్లు ఆమెను పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లికి సలహా చెప్పారు. ఇవి ఆ తల్లిదండ్రులే బయటికి చెప్పుకున్న మాటలు. తల్లి బిడ్డను వదల్లేదు. బడిలో పరుగెడుతుంటే ఒక పీఈటీ సారు గుర్తించాడు, శిక్షకుడు నాగపురి రమేశ్ చేయి పట్టుకున్నాడు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి పారా పోటీల్లో తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఊరు ఇప్పుడు ఆమెకు దండలేస్తోంది. నేను అడిగేది వేరే. ఆ దీప్తి పతకం తేకపోయి ఉంటే? పరుగెత్తడం చేతకాని ఇంకో దీప్తి ఈ రోజు మన ఊళ్లో, మన వాడలో ఇంటి మూలన కూర్చుని ఉంటే? గెలిచి చూపించేదాకా మర్యాద ఇవ్వం అనే ఊరు మారాలి. ఏమీ గెలవని బిడ్డకు కూడా ఆ మర్యాద దక్కాలి.

కరణం మల్లీశ్వరి పేరు మీ పిల్లలకు చెప్పండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ. 2000 సంవత్సరం సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. మన దేశంలో అంతకుముందు ఏ ఆడబిడ్డా ఆ పని చేయలేదు. ఆ భుజాలు, ఆ తొడలు లేకుండా ఆ బరువు లేస్తుందా? పక్క నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ పద్నాలుగేండ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ మంచులో ఆమెను నిలబెట్టినవి కాళ్లు, ఊపిరి.

పెండ్లిచూపుల దగ్గర మన మాట మారాలి. మొగపిల్లవాడి తల్లులారా, ఈ భారం ముందు మీ మీదే ఉంది. పిల్లను నడిపించి చూడం, నిలబెట్టి ఎత్తు కొలవం, "రంగు తక్కువ, ఇంకో లక్ష పెట్టండి" అనం అని మీరే ముందు చెప్పండి. రంగుకు కట్నం కట్టడమంటే బిడ్డ చర్మానికి వెల కట్టడమే. తండ్రులారా, బిడ్డకు కొత్త బట్టలు తెచ్చినప్పుడు "ఈ రంగు నీకు నప్పదు, నల్లగున్నవ్" అనకండి. ఆమెకు నచ్చిన ఎరుపు, పసుపు తెండి. ఫోటోగ్రాఫర్లూ, పిల్లకు ఇష్టం లేకుండా ముఖాన్ని తెల్లగా దిద్దకండి, నడుమును సన్నం చేయకండి. దర్జీ అక్కలారా, కొలత తీసేటప్పుడు "పెరిగినవే" అనకండి, టేపు చూసి నంబరు రాసుకోండి, చాలు.

ఇదంతా మాటలతో పోయేదా అని కొందరు నిట్టూరుస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, తమ ఇండ్లను సారా ఎట్లా ముంచుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ముచ్చట ఊరు దాటి రాష్ట్రమంతా కదిలింది, తెలంగాణ పల్లెల్లోనూ ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి పోయారు. 1993 అక్టోబర్ 1న సారాను నిషేధించాల్సి వచ్చింది. నెలసరి అనే మాటే నోటికి రాని మన దగ్గర, పెద్దపల్లిలో మహిళా సంఘాల వాళ్లు శానిటరీ నాప్కిన్లు తయారు చేశారు. చీకట్లో దాచుకున్న ముచ్చటను సంఘం వెలుగులోకి తెచ్చింది. మన చేతగానిది కాదు ఇది.

ఈ నెల సంఘం మీటింగులో పొదుపు లెక్కలు, బాకీల వాయిదాలు అయిపోయాక పుస్తకం మూయకండి. ఈ తీర్మానం రాయించండి: "మా సంఘంలో ఏ సభ్యురాలూ ఏ ఆడపిల్ల రంగు గురించీ, లావు సన్నాల గురించీ ఆమె ముందు గానీ వెనుక గానీ మాట్లాడదు. ఎవరైనా మాట్లాడితే పక్కనున్నవాళ్లు అక్కడే ఆపుతారు. మా ఇండ్లలో ఆడపిల్లకు అన్నం, గుడ్డు మొగపిల్లవాడితోపాటే, అంతే వడ్డిస్తాం. ఈ నెలలో పద్నాలుగేండ్లు దాటిన మా పిల్లలందరికీ రక్తపరీక్ష చేయిస్తాం." కింద అందరూ సంతకాలు పెట్టండి, వేలిముద్ర వేసే అవ్వలతో ముందు వేయించండి. ఆ కాగితం గ్రామ సంఘానికి (వీఓకు) పంపండి, అక్కడి నుంచి మండల సమాఖ్యకు పోనివ్వండి. అంగన్‌వాడీ టీచరును, ఆశ అక్కను పిలిచి రక్తపరీక్షకు రోజు ఖాయం చేయండి. ఆ రోజే అంగన్‌వాడీలో ఒక మీటింగు పెట్టి, పిల్లలను కూడా వెంట తీసుకుపోండి. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాకండి. ఏ మాట ఎవరన్నారో, ఎప్పటి నుంచి కూడు మానేస్తున్నారో వాళ్ల నోటనే విని, ఆ పేర్లు బయట చెప్పకుండా, ఆ పూట ఇంటికి పోయి వాళ్ల కంచాలు ముందు పెట్టండి.